ఆ రికర్వ్‌ను అప్పుడే అమ్మవద్దు

కావలి

చిరంజీవి తల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందిన రోజే మీ నాన్న ఫోను చేశాడు. కొసలు వంగిన నీ రికర్వ్ విల్లు అమ్మేసి, పొడవాటి బద్దలాంటి లాంగ్‌బో కొనుక్కుంటానని నువ్వు నాలుగు పేజీలు రాసిన సంగతిని వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "అంత డబ్బు పోసి కొన్న విల్లు అమ్మేసి కర్ర కొంటానంటోంది, నువ్వైనా చెప్పు అన్నయ్యా." కర్ర అన్నందుకు నాకు కోపం వచ్చింది. డబ్బు విషయంలో మాత్రం వాడిని తప్పు పట్టలేను. ఫోనులో మొదలుపెడితే ముగ్గురం వాదించుకుంటాం కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

లాంగ్‌బో కావాలనడానికి మూడు కారణాలు చెప్పావు. అందంగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, మన పాతకాలపు విల్లులా ఉంటుంది. నాలుగోదాన్ని ఆఖరి పేజీలో, అమ్మమ్మ మోకాళ్ల నొప్పుల కబురు కింద దాచావు: క్లిక్కర్ (బాణం పూర్తిగా లాగగానే టిక్కుమనే రేకు) చప్పుడు కోసం ఎదురుచూస్తూ చెయ్యి బిగుసుకుపోతోందని. ముప్పై ఏళ్లు పిల్లలకు ఆటలు నేర్పినవాడిని, అసలు కారణం ఏదో పోల్చుకోలేనా? దాని దగ్గరకు వస్తాను. ముందు విల్లు సంగతి చూద్దాం.

కావడి మోసేవాళ్లను నువ్వు చూసి ఉండవు. బద్ద పొడవుగా ఉంటే ప్రతి అడుగుకూ నిదానంగా ఊగి భుజాన్ని కాపాడుతుంది. పొట్టిదైతే పొడుస్తుంది. పొడవైన బద్ద ఏ ఒక్కచోటా ఎక్కువగా వంగనక్కరలేదు, వంపును ఒళ్లంతా పంచుకుంటుంది. లాంగ్‌బో చేసే పని అదే. అది ఇంచుమించు మనిషెత్తు ఉంటుంది. ఎక్కుపెట్టినప్పుడు, అంటే తాడు బిగించినప్పుడు, తాడు దాన్ని తగిలించే రెండు కొప్పుల దగ్గర తప్ప బద్దను తాకదు. లాగుతున్నకొద్దీ వేళ్ల మీద పడే బరువు మెట్టు మీద మెట్టుగా పెరుగుతుంది. పొడవు సరిపోకపోతే మాత్రం చివరి రెండు అంగుళాల్లో గోడకు తగిలినట్టు బిగిసి, తాడు వేళ్లను నొక్కేస్తుంది. అందుకే పొట్టి లాంగ్‌బో కొనవద్దని అందరికీ చెబుతాను.

నీ రికర్వ్ దారి వేరు. దాని కొసలు లక్ష్యం వైపు తిరిగి ఉంటాయి, ఎక్కుపెట్టినప్పుడు తాడు ఆ వంపుల మీద ఆనుకుని పడుకుంటుంది. లాగే కొద్దీ వంపుల మీది నుంచి లేస్తుంది, బద్ద అప్పటికప్పుడు పొడవు పెరిగినట్టు పనిచేస్తుంది. మొదటి జానెడులోనే గట్టిగా ఉండి చివర్లో మెత్తగా అనిపించడానికి కారణం ఇదే. ఆఖరున రెండు విల్లులూ 30 పౌన్లే తూగినా, దారిలో రికర్వ్ ఎక్కువ శక్తిని కూడబెడుతుంది, బాణాన్ని వేగంగా పంపుతుంది. 70 మీటర్ల దూరంలో 122 సెంటీమీటర్ల లక్ష్యం, దాని నడుమ పది మార్కుల వలయం 12.2 సెంటీమీటర్లు. అక్కడ గురిచూడటానికి సైటు, ఊగకుండా స్టెబిలైజర్లు, వేగం అన్నీ కావాలి. మన విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్, అంకిత భకత్‌తో కలిసి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం అంచుదాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచాడంటే, రికర్వ్‌తోనే. నీ కన్ను అటువైపు ఉంటే ఈ ఉత్తరాన్ని ఇక్కడే మడిచిపెట్టు.

ఇంత తెలిసీ కొందరు లాంగ్‌బోనే ఎందుకు పట్టుకుంటారు? నా విషయం చెబుతాను. మొదట నన్ను పట్టింది నిశ్శబ్దం. రికర్వ్‌లో బాణం వెళ్లాక తాడు వచ్చి వంపుల మీద కొడుతుంది, ఆ చప్పుడు తగ్గించడానికి తాడుకు బొచ్చు ముక్కలు కడతారు. లాంగ్‌బోలో తాడు కొట్టడానికి అక్కడ ఏమీ లేదు. తర్వాత అర్థమైంది దాని స్థిరత్వం. రికర్వ్ బద్దలు వెడల్పుగా, పలచగా ఉంటాయి, అజాగ్రత్తగా ఎక్కుపెడితే మెలితిరిగిపోతాయి. లాంగ్‌బో బద్ద సన్నంగా, మందంగా ఉంటుంది కాబట్టి అంత సులువుగా మెలిక పడదు, నీ వేళ్లు వదలడంలో కాస్త వంకర పోయినా క్షమిస్తుంది. మోయడానికి చేతికర్రంత బరువు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేలగట్ల మీద తిరిగినా భుజం అడగదు.

అది అన్నిటినీ క్షమిస్తుందని మాత్రం అనుకోవద్దు. రికర్వ్ పిడిని మధ్యకు చెక్కి ఉంటారు, బాణం సూటిగా ముందుకు చూస్తుంది. సంప్రదాయ లాంగ్‌బోలో బాణం పిడి పక్క నుంచి పోవాలి. వదిలిన క్షణంలో బాణం పాములా వంగి, పిడిని చుట్టుకుని మళ్లీ సూటిగా అవుతుంది. ఆ వంగే గుణం నీ విల్లు బరువుకు సరిగ్గా కుదరాలి. మరీ గట్టి బాణమైతే కుడిచేతి వాటం వాళ్లకు ఎడమకు, మరీ మెత్తనిదైతే కుడికి పోతుంది. మొదటి ఏడాది నేను నా చేతిని తిట్టుకున్న తిట్లలో సగం నిజానికి బాణాలకు చెందవలసినవి.

మీ నాన్న దృష్టిలో లాంగ్‌బో తెల్లవాళ్ల మోజు. ఈసారి ఆ మాట అంటే ఇది చదివి వినిపించు. అలెగ్జాండర్ వెంట వచ్చిన నియార్కస్ మన దేశపు కాల్బలాన్ని చూసి రాసుకున్నది గ్రీకు చరిత్రకారుడు అరియన్ గ్రంథంలో మిగిలింది. విల్లు మనిషెత్తు ఉంటుందట. ఒక కొసను నేలకు ఆనించి, ఎడమకాలితో తొక్కిపట్టి, తాడును బాగా వెనక్కి లాగి వదులుతారట. బాణం మూడు మూరలకు కొంచెమే తక్కువట. ఇంగ్లీషువాళ్ల లాంగ్‌బోలకు పేరు తెచ్చిన క్రెసీ యుద్ధం 1346లో జరిగింది, అంటే పదహారు వందల ఏళ్లకు పైగా గడిచాక. కౌటిల్యుడి అర్థశాస్త్రమైతే పదార్థాన్ని బట్టి పేర్లే పెట్టింది: తాటితో చేస్తే కార్ముకం, వెదురుతో చేస్తే కోదండం, చెక్కతో చేస్తే ద్రూణం, కొమ్ముతో చేస్తే ధనుస్సు. అల్లెతాడుకు చాగ, జిల్లేడు, జనుము నారలను చెప్పింది. ఆ లెక్కన మన బుచ్చిరెడ్డిపాలెం కోదండరాముడి చేతిలో ఉన్నది వెదురు విల్లు. గుడిలో ఈ మాట అంటే అర్చకుడు నవ్వి తీర్థం పోశాడు.

ఆ పుస్తకం చదివిన ఊపులో తాటి విల్లు చేద్దామని కూర్చున్నాను కూడా. చుట్టూ ఇన్ని తాటిచెట్లు పెట్టుకుని ప్రయత్నించకపోతే ఎలా? చేవ బద్ద తీసి చెక్కుతుంటే పీచు లేచి అరచేతిలో దిగింది. మీ పెద్దమ్మ సూదితో తీస్తూ అన్న మాటలు ఇక్కడ రాయను.

చెక్క గురించి నాకు కాస్తయినా తెలిసింది ఉదయగిరిలో గరిటెలు చెక్కేవాళ్ల దగ్గర. పొర తెగిన చోటే గరిటె విరుగుతుందని చూపించారు. విల్లుకూ అదే న్యాయం. లక్ష్యం వైపు ఉండే వీపు సాగుతుంది, నీ వైపు ఉండే కడుపు నొక్కుకుపోతుంది. వీపు మీద పొర కొస నుంచి కొస దాకా తెగకుండా ఉండాలి. ఇంగ్లండులో యూ చెట్టును అంతగా కోరుకున్నది ఇందుకే: దాని చేవ నొక్కుడుకు ఆగుతుంది, పైనుండే తెల్లచెక్క సాగుడుకు ఆగుతుంది, రెండూ ఒకే దుంగలో దొరుకుతాయి. 1545లో మునిగి, 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలో అలాంటి విల్లులు నూటికి పైగా దొరికాయి. వాటిని లాగే బరువు 100 పౌన్లు దాటుతుందని లెక్కకట్టారు. నువ్వు అటువైపు చూడవద్దు. మనకు వెదురు ఉంది, వీపున వెదురు బద్ద అతికించిన విల్లు మన ఎండలకు చాలు.

దోర్నాలలో పనిచేసిన రోజుల్లో నా రికర్వ్‌ను ఒక చెంచు పెద్దాయనకు చూపించాను. స్క్రూలు, మరలు, రెండుగా ఊడదీసే బద్దలు అన్నీ ఓపికగా చూశాడు. "అడవిలో ఇది విరిగితే ఏం చేస్తావు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన చేతిలోని వెదురు విల్లు విరిగితే ఏం చేస్తాడో అడగనక్కరలేదు, చుట్టూ వెదురే.

ఇప్పుడు క్లిక్కర్. లాగడం పూర్తయ్యేలోపే వేళ్లు వదిలేయడం, లేదా గురి లక్ష్యం నడిమి పసుపు మీదకు రాకుండా కింద ఆగిపోవడం, ఇవి నీ ఒక్కదానికే వచ్చినవి కావు. పేరున్న విలుకాళ్లనూ పీడించాయి. నీకు చప్పుడే ఆజ్ఞ అయిపోయింది, ఆ ఆజ్ఞ కోసం ఒళ్లంతా భయంతో కాచుకుని ఉంది. లాంగ్‌బోలో చప్పుడూ లేదు, గురిచూసే పిన్నూ లేదు కాబట్టి కొందరికి ఊపిరి ఆడినట్టు ఉంటుంది. నాకూ అలాగే ఉండింది, మూడు నెలలు. నాలుగో నెలలో అదే రోగం పెదవి మూల దాకా తాడు రాకముందే వదలడంగా తిరిగి వచ్చింది. ఎందుకంటే అది విల్లులో లేదు, నాలో ఉంది. అందుకే రికర్వ్ అమ్మవద్దంటున్నాను. దాని మీద పగతో లాంగ్‌బో పట్టుకుంటే, రేపు దీని మీద కూడా పగపడతావు.

చేయవలసినది ఇది. క్లిక్కర్ ఊడదీసి డబ్బాలో పెట్టు. మూడు వారాలు లక్ష్యం కాగితం లేకుండా, నాలుగు బారల దూరం నుంచి గడ్డి మోపు మీదకు వెయ్యి. లాగు, చేతిని ముఖానికి ఆనించు, మనసులో మూడు లెక్కపెట్టు, దించు. అవును, వదలకుండా దించమంటున్నాను. పదింటిలో నాలుగు సార్లు దించగలిగితే చెయ్యి నీ మాట వింటున్నట్టు. ఈ పని ఇప్పుడున్న విల్లుతోనే చెయ్యి, కొత్తది అక్కరలేదు.

ఆ తర్వాత కూడా మనసు లాంగ్‌బో మీదే ఉంటే కొను. విల్లు మీద రాసిన బరువు 28 అంగుళాలు లాగినప్పటిది. నువ్వు 26 అంగుళాలే లాగుతావు, కాబట్టి 30 పౌన్లు అని రాసిన విల్లు నీ వేళ్ల మీద ఇంచుమించు 25 తూగుతుంది. అంతకు మించవద్దు. రికర్వ్‌లో 34 పౌన్లు లాగుతున్నానని గొప్పకు పోకు, ఇక్కడ చివరి అంగుళం బరువు వేరు. పొడవు 66 అంగుళాలకు తగ్గనివ్వకు, 68 అయితే ఇంకా మంచిది. బాణాలు చెక్కవి, వాటి తోకనుండే పింజలు ఈకలవి కావాలి. బాణం చేతి పక్కనుంచి రాసుకుంటూ పోతుంది కాబట్టి ప్లాస్టిక్ పింజ తగిలి బాణాన్ని పక్కకు తోస్తుంది, ఈక అయితే ఒదుగుతుంది. ఒక బాణానికి ఉన్న ఈకలన్నీ ఒకే వైపు రెక్కవి అయి ఉండాలి. బాణం బరువు విల్లు లాగే ఒక్కో పౌనుకు 10 గ్రెయిన్లకు తగ్గకూడదు, అంటే 30 పౌన్లకు దాదాపు 20 గ్రాములు. తేలిక బాణం వేస్తే మిగిలిపోయిన శక్తి నీ మణికట్టులోకి వచ్చి పళ్లు అదురుతాయి. అందరూ లాంగ్‌బో చెయ్యి విదిలిస్తుందని చెప్పేది దీన్నే. తాడు కాస్త సాగే డాక్రాన్‌దే వెయ్యి, సాగని కొత్తరకం దారం కర్ర కొప్పులను చీలుస్తుంది. ముంజేతికి తోలు పట్టా లేకుండా ముట్టుకోకు. ఇక్కడ తాడు చేతికి దగ్గరగా ఉంటుంది, కొడితే వారం రోజులు నల్లగా ఉంటుంది. బాణం లేకుండా తాడు లాగి వదలవద్దని నీకు చెప్పనక్కరలేదు, చూడటానికి వచ్చే స్నేహితులకు చెప్పు. బాణం గురి తప్పితే వంద మీటర్లు దాటిపోతుంది, మోపు వెనక ఇసుకగట్టు లేని చోట నిలబడకు.

ఇంకొక్కటి, ఇది నా తెలివితక్కువతనం. రోహిణి కార్తెలో ఒంగోలులో పెళ్లికి వెళ్లి, ఫైబర్‌గ్లాస్ పొర వేసిన లాంగ్‌బోను అద్దాలు మూసిన కారులో వదిలేశాను. భోజనాలు ముగించుకుని వచ్చి ఎక్కుపెట్టబోతే చిటపటమని శబ్దం. జిగురు మెత్తబడి పొర లేచిపోయింది. అంత పప్పు, అంత పాయసం తిన్నానేమో, ఒక్కటీ అరగలేదు. ఎండాకాలంలో విల్లు ఇంట్లో ఉండాలి, తాడు దించి, రెండు మేకుల మీద అడ్డంగా. మూలకు ఆనించి నిలబెడితే కింది బద్ద మెల్లగా వంకరపోతుంది.

పోటీలు ఉండవేమోనని బెంగపడ్డావు. ప్రపంచ ఆర్చరీ సమాఖ్య జరిపే త్రీడీ పోటీల్లో లాంగ్‌బోకు ప్రత్యేక విభాగం ఉంది. అడవిలో జంతువుల బొమ్మలు పెట్టి, దూరం చెప్పకుండా వేయిస్తారు. మన దేశంలో వెదురు విల్లులతో ఇండియన్ రౌండ్ అనే పోటీ ఉంది. పతకాల సంగతి అంతకు మించి నన్ను అడగవద్దు.

దసరా సెలవులకు రా. నా వెదురు విల్లు నీ చేతికి ఇస్తాను, గడ్డి మోపు ఇప్పుడే కట్టి వేపచెట్టు కింద ఆరబెట్టాను. నీ రికర్వ్ కూడా వెంట తెచ్చుకో. మీ నాన్నను కూడా తీసుకురా, వాడి చేత పది బాణాలు వేయిద్దాం. తోలు పట్టా వాడి చేతికి సరిపోయేది నా దగ్గర లేదు, కావలిలో కుట్టించి ఉంచుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న