చెడ్డ కబురు ముందు నీ చెవిన పడాలి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి సంస్థ బాధ్యత నీ చేతికి వస్తోందని తెలిసి ఎంతో సంతోషించాను. వ్యాపారాన్ని ముందుండి నడిపే మనిషికి ఏ గుణాలు ఉండాలో వివరంగా రాయమని అడిగావు. ధైర్యం, కష్టపడే తత్వం, దూరదృష్టి, నలుగురినీ ఒప్పించే మాట అని ఎవరైనా చెబుతారు. అవి అక్కర్లేదని నేను అనను. కానీ ఆ గుణాలన్నీ నిండుగా ఉన్నవాళ్లు కూడా నిక్షేపంలాంటి వ్యాపారాలను ముంచుకోవడం నేను చూశాను. తనకు నచ్చని నిజాన్ని వేళ మించకముందే వినగలిగి, విన్న తరువాత దానికి తగ్గట్టు నడుచుకోగలిగిన మనిషి చేతిలోనే సంస్థ నిలబడుతుందని నా గట్టి నమ్మకం. మిగిలిన గుణాల గురించి రాసేది కూడా దీన్ని పట్టుకునే రాస్తున్నాను.

మంచి వార్త ఎవరూ పిలవకుండానే యజమాని గదిలోకి వస్తుంది. చెడ్డ వార్త అలా రాదు. అది కింద ఎక్కడో పుట్టి, ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ పదును పోగొట్టుకుంటూ, నీ దగ్గరకు చేరేసరికి 'కొంచెం ఆలస్యమవుతోందండీ, చూసుకుంటున్నాం' అనే మాటగా మిగులుతుంది. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు, జీతమిచ్చే మనిషి ముఖం చిట్లిస్తే భయపడటం సహజం. ఒక ఉద్యోగి వచ్చి, ఒప్పుకున్న గడువుకు ఆర్డరు అందించలేమని చెప్పాడనుకో. ఆ తరువాతి అర నిమిషంలో నీ ముఖంలో ఏం కనిపించిందన్నదాన్ని బట్టి, ఇకముందు అతను నీకు నిజం చెబుతాడో లేదో తేలిపోతుంది. 'ఇది ఎవరి వల్ల జరిగింది' అని మొదలుపెడితే ఆ రోజు నుంచి నీకు సంజాయిషీలు మాత్రమే అందుతాయి. ఎన్ని రోజులు ఆలస్యమవుతుంది, కొనుగోలుదారుకు చెప్పామా, చేతిలో ఉన్న సరుకులో ఎంత ముందుగా పంపగలం అని అడిగితే, పని అక్కడే మొదలవుతుంది. తప్పెవరిదో తేల్చవద్దని కాదు, ఆ విచారణకు పని చక్కబడిన తరువాత వేరే సమయం పెట్టుకో.

టయోటా సంస్థ ఈ విషయాన్ని మనుషుల మంచితనానికి వదిలేయకుండా పనిలోనే ఒక పద్ధతిగా పెట్టుకుంది. ఆ సంస్థ పుట్టుక మగ్గాల తయారీతో ముడిపడి ఉంది. మగ్గాల ఆవిష్కర్త సకిచి టయోడా 1924లో తెచ్చిన ఆటోమేటిక్ మగ్గం, నేస్తుండగా దారం తెగితే తనంతట తానే ఆగిపోయేది. దానివల్ల లోపమున్న బట్ట గజాల కొద్దీ తయారయ్యే బాధ తప్పింది. అదే ఆలోచన తరువాత కార్ల కర్మాగారంలోకి వచ్చింది. కారు భాగాలను వరసగా బిగించే అసెంబ్లీ లైను మీద పనిచేసే కార్మికుడు ఏదైనా తేడా గమనిస్తే, తలపైన వేలాడే తాడు లాగుతాడు. వెంటనే బోర్డు మీద అతను పనిచేసే చోటును సూచించే దీపం వెలుగుతుంది, పర్యవేక్షకుడు అతని దగ్గరకు వస్తాడు, ఇద్దరూ కలిసి సమయానికి సరిచేయలేకపోతే లైను ఆగుతుంది. లైను ఆగిన ప్రతి నిమిషమూ ఖర్చే. అయినా ఆ తాడు లాగే హక్కు లైను మీద పనిచేసే మనిషికే ఇచ్చారు. లాగినందుకు తిట్లు తినే చోట తాడు ఎంత బలంగా కట్టినా ఎవరూ ముట్టుకోరు. ఆ భయం లేకుండా చేయడం నీ ఒక్కదాని చేతిలోనే ఉంటుంది, ఏ మేనేజరుకూ అది అప్పగించలేవు.

వినడం సగం పని. విన్నదాన్ని ఒప్పుకొని, ఇష్టమైనదాన్ని వదులుకోవడం ఇంకా కష్టం. ఇంటెల్ సంస్థ 1968లో మొదలైనప్పుడు మెమరీ చిప్పులే, అంటే కంప్యూటరులో సమాచారాన్ని దాచే చిప్పులే, దాని జీవనాధారం. 1980ల మధ్యకు వచ్చేసరికి జపాన్ సంస్థలు నాణ్యతలోనూ ధరలోనూ ఆ వ్యాపారాన్ని లాగేసుకున్నాయి. లోపల అందరికీ పరిస్థితి తెలుసు, కానీ తమను పెంచిన సరుకును వదలడానికి ఎవరికీ మనసు రాలేదు. 1985లో సంస్థ ప్రెసిడెంటు ఆండీ గ్రోవ్ తన పైవాడైన సంస్థాధిపతి గోర్డన్ మూర్‌ను ఒక ప్రశ్న అడిగాడు: మనల్ని తీసేసి డైరెక్టర్ల బోర్డు కొత్త అధిపతిని తెస్తే ఆయన ఏం చేస్తాడు? మెమరీ వ్యాపారం నుంచి బయటపడతాడని మూర్ జవాబిచ్చాడు. అలాంటప్పుడు ఆ పని మనమే ఎందుకు చేయకూడదని గ్రోవ్ అన్నాడు. అది తేలికగా జరగలేదు. వేలమంది ఉద్యోగాలు పోయాయి, 1986లో సంస్థకు 17 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. ఆ తరువాత కంప్యూటరుకు మెదడులాంటి చిప్పులైన మైక్రోప్రాసెసర్ల మీద నిలబడి అది ఎక్కడికి చేరిందో నీకు తెలుసు. నీవు కూడా ఏడాదికి ఒకసారైనా ఈ ప్రశ్న వేసుకో. ఈ కుర్చీలోకి నిన్ననే వచ్చిన మనిషి, నీ పాత అభిమానాలేవీ లేని మనిషి, దేన్ని ముందు ఆపేస్తాడు?

లెక్కల గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే పొరపడతారు. లాభం వేరు, చేతిలో డబ్బు వేరు. నూటికి ఇరవై లాభం మిగిలే సరుకు అమ్ముతున్నావనుకో. ముడిసరుకు ఇచ్చినవాడికి 30 రోజుల్లో చెల్లించాలి, జీతాలు నెల నెలా ఇవ్వాలి, కొన్నవాడు మాత్రం 90 రోజులకు ఇస్తాడు. అంటే ప్రతి ఆర్డరుకూ మధ్యలో రెండు నెలల పాటు నీ డబ్బే తిరుగుతూ ఉంటుంది. ఆర్డర్లు రెట్టింపైతే ఆ భారమూ రెట్టింపవుతుంది. అమ్మకాలు పెరిగిన సంతోషంలో అందరూ ఉండగానే జీతాలకు డబ్బు చాలని రోజు వస్తుంది. లాభాల్లో ఉన్న సంస్థ మూతపడటమేమిటని జనం ఆశ్చర్యపోతారు కానీ, కారణం తరచుగా ఇదే. కాబట్టి రాబోయే 13 వారాల్లో ఏ వారం ఎంత వస్తుంది, ఎంత పోతుంది అన్న పట్టిక నీ బల్ల మీద ఎప్పుడూ ఉండాలి, దాన్ని అకౌంటెంటుకే వదిలేయకుండా నీవే చదవాలి. ఎంత వేగంగా పెరగాలన్నదాన్ని కూడా ఆ పట్టిక చూసే తేల్చుకో. పెద్ద ఆర్డరును కాదనగలిగిన నిగ్రహం కూడా నాయకత్వ లక్షణమే.

మాట నిలబెట్టుకోవడం గురించి అందరూ చెబుతారు. అది తేలేది నష్టం వచ్చేటప్పుడు. 1982లో అమెరికాలోని చికాగో ప్రాంతంలో ఎవరో టైలినాల్ అనే నొప్పి మందు క్యాప్సూళ్లలో సైనైడ్ విషం కలపడంతో ఏడుగురు చనిపోయారు. విషం కలిసింది కర్మాగారంలో కాదు, దుకాణాలకు చేరిన తరువాత. తప్పు మాది కాదని ఆ మందు తయారీదారు జాన్సన్ అండ్ జాన్సన్ చేతులు దులుపుకొని ఉండవచ్చు. కానీ జేమ్స్ బర్క్ నాయకత్వంలో ఆ సంస్థ ప్రజలను హెచ్చరించి, దేశమంతటి నుంచి సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి తెప్పించింది. దానికి 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. ఆ తరువాత ఎవరైనా ముందే తెరిస్తే తెలిసిపోయే మూతలతో సరుకును మళ్లీ తెచ్చి, పోయిన మార్కెట్టులో చాలా భాగం తిరిగి సంపాదించుకుంది. అంత పరీక్ష నీకు రాకూడదని కోరుకుంటాను. చిన్నవి మాత్రం వారం వారం వస్తాయి. సరఫరాదారుకు చెప్పిన తేదీన డబ్బు ఇవ్వలేవని తెలిసినప్పుడు, ఆ తేదీ రాకముందే నీవే ఫోను చేసి, ఎప్పుడు ఇవ్వగలవో చెప్పు. ఫోను ఎత్తకుండా తప్పించుకునేవాళ్లకు రేపు ఇరుకున పడ్డప్పుడు ఎవరూ సరుకు అప్పివ్వరు.

మనుషుల ఎంపికలో నీకు ఒకటే సూచన: నీకు చేతకాని పని చేతనైనవారినీ, నీ మాట తప్పనిపిస్తే మర్యాదగా చెప్పగలిగినవారినీ దగ్గర పెట్టుకో. పని అప్పగించిన తరువాత గంటకోసారి తొంగిచూడకు. కోపం వచ్చిన రోజున ఎవరికీ ఉత్తరం రాయకు. నిద్ర తగ్గించుకొని పనిచేయడాన్ని గొప్పగా చెప్పుకోకు, అలసిన బుర్రతో తీసుకున్న నిర్ణయాల ఖర్చు సంస్థ మీదే పడుతుంది.

ధైర్యం కూడా కావాలి, కానీ దానికి హద్దు ముందే గీసుకోవాలి. కొత్త పని మొదలుపెట్టే ముందే, ఎంత డబ్బు పోయేదాకా ఓర్చుకుంటావో, ఏ తేదీకి ఏ ఫలితం కనబడకపోతే మూసేస్తావో కాగితం మీద రాసి, నీ తోటివారి చేత చదివించు. మధ్యలో ఆశ ఎంత లాగినా ఆ కాగితమే నిన్ను నిలబెడుతుంది.

మొదటి వారంలోనే రెండు పనులు చెయ్యి. రావలసిన బకాయిలన్నిటినీ ఎన్ని రోజులుగా ఆగి ఉన్నాయో ఆ వరసలో రాయించు. గత ఏడాదిలో మన దగ్గర కొనడం మానేసినవాళ్ల పేర్లు తెప్పించుకొని, వాళ్లలో కొందరి దగ్గరకు నీవే స్వయంగా వెళ్లి, ఎందుకు మానేశారో అడుగు, నీ తరఫున సంజాయిషీ చెప్పుకోకుండా వాళ్లు చెప్పింది రాసుకొని రా. బకాయిల జాబితా చేతికి అందగానే నాకు ఫోను చెయ్యి, ఏ పేరుతో మొదలుపెట్టాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న