ముందు స్ప్రింగులు, ఆ తర్వాతే స్పేసర్లు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు, చక్రాన్ని బయటికి జరపడానికి హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే 15 మి.మీ. బిళ్లలు, అదే వీల్ స్పేసర్లు, రెండూ వచ్చేశాయనీ, ఆదివారం ఒక్కరోజులో రెండూ బిగించేస్తాననీ రాశావు. ఆ ఒక్కరోజు అన్న మాటే నన్ను కలవరపెట్టింది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. పని చేసేటప్పుడు పక్కన పెట్టుకుంటావని ఉత్తరం రాస్తున్నాను.

ఈ ఆదివారం స్ప్రింగులు మాత్రమే వెయ్యి. స్పేసర్లు డబ్బాలోనే ఉండనీ, సీలు కూడా విప్పకు. స్ప్రింగు పొట్టిదైతే బాడీ కిందికి దిగి మడ్‌గార్డ్ అంచు టైరుకు దగ్గరవుతుంది. స్పేసరు వేస్తే చక్రం బయటికి జరిగి సరిగ్గా ఆ అంచు కిందికే చేరుతుంది. ఒక్కొక్కటిగా ఏ ఇబ్బందీ పెట్టని ఈ రెండూ కలిస్తే, నలుగురు ఎక్కి ఒక గతుకులో పడగానే అంచు టైరును కోసేస్తుంది. పైగా చాలా కార్లలో బాడీ దిగినకొద్దీ చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. దీన్నే నెగటివ్ క్యాంబర్ అంటారు. కాబట్టి ఇవాళ నువ్వు కొలిచే ఖాళీ, స్ప్రింగులు మార్చాక ఉండే ఖాళీ ఒకటి కావు. అప్పుడు కొలిస్తే 15 మి.మీ. ఎక్కువని తేలవచ్చు, అసలు స్పేసరే అక్కర్లేదని కూడా తేలవచ్చు.

పాత స్ప్రింగులు విప్పకముందే కారును సమంగా ఉన్న నేల మీద పెట్టి, నాలుగు చక్రాల దగ్గరా హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచి రాసిపెట్టుకో. నేల నుంచి కొలవకు, టైరులో గాలి తేడా ఉంటే ఆ లెక్క తప్పుతుంది. ఈ నాలుగు అంకెలు లేకపోతే కారు ఎంత దిగిందో, ఒక పక్కకి ఒరిగిందో లేదో తర్వాత చెప్పలేవు.

షాకబ్జార్బర్లను కూడా ఒకసారి చూడు. రాడ్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తే కొత్త స్ప్రింగులు వెయ్యకు, ముందు వాటినే మార్చు. పొట్టి స్ప్రింగు పాతదానికంటే గట్టిగా ఉంటుంది, అలిసిపోయిన షాకబ్జార్బర్ దాన్ని ఆపలేదు. కారు గుర్రంలా ఎగురుతుంది. 25, 30 మి.మీ. దిగేదైతే మంచి కండిషన్‌లో ఉన్న పాతవి సరిపోతాయి. 40 దాకా దించే స్ప్రింగులైతే వాటికి తగిన పొట్టి షాకబ్జార్బర్లు వేసుకోవడమే నయం. పాత స్ప్రింగునే రెండు చుట్లు కోసేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే మాత్రం వినకు. కోసిన చివర, స్ప్రింగు ఆనే గిన్నెలో, అంటే దాని సీటులో సరిగ్గా కూర్చోదు. చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు వదులై పక్కకి జరిగిపోతుంది.

ఇక అసలు పని. కారును జాకీతో లేపాక స్టాండ్ల మీద దించు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందికి చెయ్యి కూడా పెట్టవద్దు. బ్రేక్ కాలిపర్ విప్పితే దాన్ని హోస్‌కు వేలాడనీయకు, తీగతో పైకి కట్టు. ఏబీఎస్ వైరును క్లిప్పుల నుంచి ముందే తప్పించు.

ముందు చక్రాల దగ్గర స్ట్రట్‌ను, అంటే స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసి ఉన్న భాగాన్ని, బయటికి తీశాక స్ప్రింగ్ కంప్రెసర్ వాడతావు కదా, ఈ పేరా రెండుసార్లు చదువు. నొక్కిపెట్టిన స్ప్రింగులో కొన్ని వందల కిలోల బలం దాగి ఉంటుంది. నా చిన్నతనంలో ఒకసారి రెండు కొక్కేలనూ సరిగ్గా ఎదురెదురుగా పెట్టలేదు. స్ప్రింగు విల్లులా వంగింది, ఒక కొక్కెం జారింది. అది ఎగిరి గోడకు కొట్టిన చోట సిమెంటు పెచ్చు ఊడింది. పానా అందుకోవడానికి నేను అప్పుడే పక్కకి వంగాను, లేకపోతే ఆ దెబ్బ నా ముఖానికి తగిలేది. అందుకే చెబుతున్నాను: కొక్కేలు ఎదురెదురుగా ఉండాలి, రెండు వైపులా కొద్దికొద్దిగా, సమంగా బిగించాలి. స్ప్రింగు పై సీటులో వదులుగా కదులుతోందని చేత్తో చూసుకున్నాకే పై నట్టు విప్పాలి. ఆ నట్టు నీ వైపుకు ఎప్పుడూ ఉండకూడదు. కంప్రెసర్ పాతదైతే, మర అరిగి ఉంటే ఈ ఒక్క పని వర్క్‌షాప్‌లో చేయించుకో. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పై నట్టుకు ఇంపాక్ట్ గన్ పెట్టకు. రాడ్ గిరగిరా తిరిగి లోపలి సీలు పాడవుతుంది. రాడ్‌ను అలెన్ కీతో పట్టుకుని పానాతో విప్పు. నైలాన్ రింగు ఉన్న నట్లు మళ్లీ వాడకు, కొత్తవి తెచ్చుకో. కొత్త స్ప్రింగు మీద అక్షరాలు తిన్నగా చదవడానికి వస్తే సరిగ్గా పెట్టినట్టు, తలకిందులుగా కనిపిస్తే స్ప్రింగు తలకిందులైనట్టు. దాని చివర సీటులో ఉన్న గాడికి ఆనాలి. రాడ్ మీద ఉండే రబ్బరు దిమ్మె, అదే బంప్ స్టాప్, కొయ్యాలా వద్దా అన్నది స్ప్రింగుతో వచ్చిన కాగితంలో ఉంటుంది. అందులో లేకపోతే కొయ్యవద్దు. వెనక పని తేలిక. నీ కారుకు వెనక రెండు చక్రాలనూ కలిపే టార్షన్ బీమ్ ఉంది కాబట్టి బీమ్ కింద జాకీ పెట్టి, షాకబ్జార్బర్ల కింది బోల్టులు తీసి మెల్లగా దించితే స్ప్రింగు చేతికి వస్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. చక్రాన్ని బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్ బోల్టులను చక్రం వేలాడుతుండగా ఫైనల్‌గా బిగించకూడదు. ఆ బోల్టు దూరే బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది, తిరగదు, మెలిపడుతుంది. వేలాడుతున్నప్పుడు బిగిస్తే కారు దిగగానే రబ్బరు మెలిపడిపోయి ఎప్పుడూ అలాగే ఉంటుంది. నా మొదటి కారుకు ఈ పొరపాటు నేనే చేశాను. కొన్ని నెలలకే బుష్‌లు చిరిగి టకటక శబ్దం వచ్చింది. స్ప్రింగులే నాసిరకమని ఎన్నాళ్లో తిట్టుకున్నాను. వదులుగా పెట్టి, కారు బరువు చక్రాల మీద పడ్డాక బిగించు.

తర్వాత కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు. స్ప్రింగులు కాస్త సర్దుకుంటాయి. అప్పుడు మళ్లీ నాలుగు చోట్లా కొలిచి చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ చేయించు. క్యాంబర్ కొంచెం పెరిగితే కంగారు లేదు. టైర్లను తినేసేది టో తేడా, అంటే చక్రాల ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండటం. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించు, ఎదుటివాళ్ల కళ్లలో పడకూడదు.

స్పేసర్ల సంగతి ఆ తర్వాత. దారానికి బరువైన నట్టు కట్టి మడ్‌గార్డ్ అంచు నుంచి వేలాడదీయి. చక్రం పైభాగానికీ దారానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో అదే నీకు అసలు హద్దు, దానికి కొంచెం తక్కువే వేసుకో. నీ రిమ్ము ఈటీ 45 అన్నావు, అంటే రిమ్ము హబ్‌కు ఆనే తలం రిమ్ము నడిమి గీత కంటే 45 మి.మీ. బయటి వైపుకు ఉంది. 15 మి.మీ. వేస్తే అది ఈటీ 30 అయినట్టే, రెండు వైపులా కలిపి చక్రాల మధ్య దూరం 30 మి.మీ. పెరుగుతుంది. వీల్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ రోడ్డు గాడుల వెంట లాగుతుంది. అందుకే ముందు చక్రాలకు తక్కువ మందం చాలని నా అభిప్రాయం.

స్పేసరు హబ్‌సెంట్రిక్‌దే అయ్యుండాలి. లోపలి రంధ్రం నీ హబ్ మీద ఆడకుండా కూర్చోవాలి, బయటి అంచు రిమ్ము మధ్య రంధ్రానికి సరిపోవాలి. హబ్ మీద తుప్పును వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకు. పాత బోల్టులతో బిగించాలని అస్సలు ఆలోచించకు. స్పేసరు మందమెంతో బోల్టు అంత పొడవు పెరగాలి: పాతది 27 మి.మీ. ఉంటే కొత్తది 42. చేత్తో తిప్పుతూ చుట్లు లెక్కపెట్టు. ఎం12 (12 మి.మీ. మందం) బోల్టు, మరల మధ్య దూరం 1.5 మి.మీ. అయితే కనీసం 8 చుట్లు, ఎం14 అయితే 10 చుట్లు దిగాలి. మరీ పొడవైతే హబ్ వెనక ఏదో ఒకదానికి తగులుతుంది. కాబట్టి బిగించాక డిస్కును చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడు. బోల్టు తల కోను ఆకారమా, గుండ్రనిదా అన్నది రిమ్ము సీటును బట్టి తీసుకో. మరల మీద గ్రీజు పూయకు, టార్క్ లెక్క తప్పుతుంది.

ఎదురెదురు బోల్టులు మార్చిమార్చి, టార్క్ రెంచ్‌తో మాన్యువల్లో ఉన్న అంకెకే బిగించు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించి చూడాలి. ఇది మర్చిపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా, డాష్‌బోర్డ్ మీద చీటీ అంటించుకో. మడ్‌గార్డ్ లోపలి అంచుకు చాక్‌పీస్ రాసి, వెనక ముగ్గురిని కూర్చోబెట్టి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పుతూ గతుకుల మీద నెమ్మదిగా నడుపు. టైరు మీద తెల్ల గీత పడిందంటే ఆ స్పేసరు తీసెయ్యాల్సిందే. ఈ మార్పులకు మీ దగ్గర రవాణా నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో కనుక్కుని, ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పు.

ఆదివారం ఒంటరిగా మొదలుపెట్టకు, ఎవరినైనా పక్కన ఉంచుకో. స్ప్రింగులు వేసి అలైన్‌మెంట్ చేయించాక, ముందూ తర్వాతా కొలిచిన ఎనిమిది అంకెలూ, దారం దగ్గర ఖాళీ ఎంతో నాకు పంపు. ఏ మందం స్పేసరు వెయ్యాలో అప్పుడు ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య