రేటు మీద ఆశతో రెండు రూపాయల వడ్డీకి వెళ్లొద్దు

ప్రశ్న: మాది పొదలకూరు మండలం. నాకూ మా తమ్ముడికీ కలిపి ఎనిమిది ఎకరాల నిమ్మతోట ఉంది, మా నాన్న పెట్టిందే. మొన్నటి వానలకు పూత చాలావరకు రాలిపోయింది. చెట్టుకు అక్కడక్కడా గోలీలంత పిందెలు కనిపిస్తున్నాయి, వేసవి కాయ సగానికి మించి రాదు. తోట ఖర్చులకు రెండు లక్షలు, అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజుకు లక్షన్నర, ఇంటికి లక్ష, కొత్త బోరుకు లక్షన్నర, మొత్తం ఆరు లక్షలు కావాలి. కాయంతా తన మండీకే వేయాలన్న షరతుతో ఒక కమీషన్ వ్యాపారి రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నారు. 2022లోలా రేటు పలికితే ఒక్క సీజన్లో తీర్చేస్తాం. అప్పట్లో వచ్చిన డబ్బుతో మేడ వేశాం, కారు కొన్నాం. పదిహేను సవర్ల బంగారం ఉంది గానీ బ్యాంకులో పెట్టాలంటే ఇంట్లో ఒప్పుకోవడం లేదు. అప్పు తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. నిమ్మ, మిర్చి, పొగాకు రైతులు చాలామంది ఇదే పొరపాటు చేస్తున్నారు. కాయ తగ్గిన ఏడాది రేటు పెరిగి తీరుతుందని అప్పు చేస్తున్నారు. 2022 వేసవిలో మన దగ్గరా, గుజరాత్ వైపూ ఒకేసారి కాయ తగ్గింది కాబట్టి ఆ రేటు వచ్చింది. ఈసారి మీ తోటలో పూత రాలింది. ఢిల్లీ మార్కెట్‌కి మిగతా రాష్ట్రాల కాయ మామూలుగా దిగితే మీకు సగం కాయ, మామూలు రేటు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఆరు లక్షలకు నెలకు 12,000, ఏడాదికి 1,44,000. కట్టలేక తిరగరాస్తే రెండో ఏడాది చివరికి అప్పు తొమ్మిది లక్షల ఇరవై వేలు దాటుతుంది. దాని మీద మండీ షరతు ఒకటి! కాయ ఇంకా చెట్టు మీద ఉండగానే బేరమాడే హక్కు పోతుంది. ఆయన వేసిన రేటు, ఆయన కోసుకున్న కమీషన్. పక్క మండీలో కిలోకు రెండు రూపాయలు ఎక్కువిస్తున్నా మీరు చూస్తూ ఊరుకోవాల్సిందే.

మీ ఆరు లక్షల్లో ఈ పంటకు పోయేది రెండు లక్షలే. ఫీజు, ఇంటి ఖర్చు ఈ ఏడాది కొత్తగా ఊడిపడ్డవి కావు. వీటికి కావాల్సిన డబ్బు 2022లోనే మీ చేతిలో ఉంది, అది మేడకూ కారుకూ పోయింది. నెల జీతం వచ్చేవాళ్లకు ఆరు నెలల ఖర్చు పక్కన ఉంటే చాలంటాను. ఏడాదికి ఒకటి రెండు కోతల మీద బతికే ఇంటికి పన్నెండు నెలల ఖర్చు ఉండాల్సిందే, పిల్లల ఫీజుతో సహా. అది లేని ఇంటికి ప్రతి తుపానూ ఒక అప్పు తెచ్చిపెడుతుంది. మంచి రేటు వచ్చిన ఏడాది మొదటి కోత డబ్బు ముందు ఈ నిధికే వెళ్లాలి, మేడ తర్వాత.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. తోట రెండు లక్షలకు కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణం అడగండి. 2025 జనవరి నుంచి రెండు లక్షల వరకు తనఖా అక్కర్లేదు. వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. ఫీజుకు బ్యాంకులో బంగారం పెట్టండి. పదిహేను సవర్లూ అక్కర్లేదు, నాలుగైదు చాలు. బ్యాంకులో నగ తాకట్టు పెడితే పోని పరువు, వడ్డీ అడగడానికి మనిషి గుమ్మం ఎక్కితే పోతుంది. ఇంట్లో ఈ మాటే చెప్పండి.

కారు అమ్మేయండి. అందులో లక్ష ఇంటికి వాడి, మిగిలింది అదే రోజు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. మీ నిధికి అదే మొదలు. వేసవి కాయ అమ్మిన ప్రతిసారీ, అప్పు వాయిదా పోగా మిగిలినదాంట్లో సగం అందులోకే వేయాలి. తమ్ముడితో ఈ లెక్క ఇప్పుడే మాట్లాడుకోండి, డబ్బు చేతికొచ్చాక మాట్లాడటం కష్టం.

ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంటల నమోదులో, మీ తోట నమోదైందో లేదో, మీ మండలంలో నిమ్మకు వాతావరణ బీమా ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి. అన్నదమ్ములిద్దరికీ టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా ఉండాలి. బోరు ఈ ఏడాదికి ఆపండి. ఉన్న బోర్లతో చెట్లు బతుకుతున్నంతవరకు అప్పు చేసి కొత్తది వేయొద్దు, నీళ్లు పడకపోతే ఆ లక్షన్నర తిరిగి రాదు.