చెక్క పెన్నులు చేయడం నేర్చుకోవాలంటే: లేత్ తిరగడానికి ముందే తేలిపోయే సంగతులు

మీరు మూడు సంగతులు అడిగారు: వడ్రంగం తెలియనివారు ఇంట్లో చెక్క పెన్నులు చేయడం నేర్చుకోగలరా, ఎంత ఖర్చవుతుంది, అపార్ట్‌మెంటులో ఈ పని కుదురుతుందా. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, 2021లో, యాభయ్యో ఏట నేనూ ఈ ప్రశ్నలతోనే మొదలుపెట్టాను. ఇప్పటికి మూడు వందల దాకా పెన్నులు చేశాను. పాడైపోయినవి నేర్పినంతగా బాగా కుదిరినవి నేర్పలేదు కనుక వాటి గురించే ఎక్కువగా రాస్తాను.

వీడియోల్లో చూసేవారికి లేత్ మీద కర్ర గిరగిరా తిరగడం, ఉలి ఆనించగానే పొట్టు రిబ్బనులా లేచి రావడం, ఇదే పనంతా అనిపిస్తుంది. నిజానికి ఆ భాగం పావుగంటలో అయిపోతుంది. పెన్ను నిలుస్తుందా, పగులుతుందా అన్నది అంతకు ముందే, కర్రను ఎంచుకోవడంలోనూ, బెజ్జం వేయడంలోనూ, గొట్టం అతికించడంలోనూ తేలిపోతుంది. కొత్తవారికి స్లిమ్‌లైన్ అనే రకం కిట్ తేలిక. అందులో 7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రెండు ఇత్తడి గొట్టాలు, మొన, క్లిప్పు, నడుమ ఉంగరం, రీఫిల్లును ముందుకూ వెనక్కూ జరిపే మర ఉంటాయి. మనం చేసే చెక్క భాగం ఆ గొట్టాలకు తొడుగు మాత్రమే.

కర్ర కోసం డబ్బు పెట్టవద్దు. సామిల్లులోనో వడ్రంగి దగ్గరో పారేసే ముక్కల్లో ముప్పావు అంగుళం చదరం, అయిదంగుళాల పొడవు ఉన్నది దొరికితే ఒక పెన్నుకు సరిపోతుంది. చూడవలసింది రెండే: అది చేవ కర్ర (మాను నడుమ గట్టిపడిన భాగం) కావాలి, బాగా ఎండి ఉండాలి. నేను మొదట మా వీధిలో కొట్టేసిన వేపచెట్టు కొమ్మను ముచ్చటపడి తెచ్చి, నెల తిరగకుండానే పెన్ను చేసి మా బావగారికి ఇచ్చాను. రెండు వారాలకు దాని పొడవునా సన్నని పగులు వచ్చి లోపలి ఇత్తడి కనబడింది. పచ్చి కర్ర ఎండుతూ కుంచించుకుపోతుంది, లోపలి గొట్టం మాత్రం కుంచించుకోదు కదా. అదే మా తాతగారి పట్టెమంచం తాలూకు విరిగిన కోడు నుంచి కోసిన జిట్రేగి ముక్కలతో చేసిన ఆరు పెన్నుల్లో ఒక్కటీ ఇంతవరకు కదలలేదు. పాత తలుపులు, మంచాలు, బీరువాల కర్ర అన్ని వానలూ ఎండలూ ఎప్పుడో చూసేసి ఉంటుంది. చింత చేవ, తుమ్మ చేవ కూడా చక్కని మెరుపునిస్తాయి. పనస పసుపు రంగు కొత్తలో ఎంత బాగుంటుందో, ఏడాదికి అంతగానూ గోధుమరంగులోకి తిరుగుతుంది. ఎర్రచందనం ముక్క ఉందని ఎవరైనా ఇవ్వజూపితే మాత్రం, అనుమతి పత్రాలు లేనప్పుడు పెన్నుకు సరిపడే ముక్క అయినా ఇంటికి తీసుకురావద్దు.

ముక్కను రెండుగా కోసే ముందు దాని ఒక పక్క పొడవునా పెన్సిలుతో ఒక గీత గీయండి. చివర్లో రెండు సగాలనూ ఆ గీత ప్రకారం కలిపితేనే కర్ర చారలు పైనుంచి కిందికి ఒకే ధారగా కనబడతాయి. ప్రతి ముక్కా గొట్టం కంటే రెండు మూడు మిల్లీమీటర్లు పొడవు ఉండాలి. బెజ్జం వేసేటప్పుడు అరంగుళానికి ఒకసారి డ్రిల్లు బిట్టును బయటికి లాగి పొట్టు దులపాలి. అలా చేయకపోతే పొట్టు లోపలే బిగుసుకుని వేడెక్కుతుంది, కర్ర కాలిన వాసన వస్తుంది, ఆ వాసన వచ్చాక ముక్క పగలడానికి ఎంతోసేపు పట్టదు. నా మొదటి ఎనిమిది ముక్కల్లో అయిదు ఇలాగే పోయాయి.

ఇత్తడి గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్దిన తరువాతనే అతికించాలి, నున్నటి ఇత్తడికి జిగురు పట్టదు. మొదట్లో ఫెవిక్విక్ రకం జిగురు వాడి, గొట్టం సగం దూరం వెళ్లగానే బిగుసుకుపోయి, అటూ ఇటూ కదలక రెండు ముక్కలు పారేశాను. ఆ జిగురు గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కనుక మా సముద్రతీరపు ఉక్కలో దానికి మరీ తొందర ఎక్కువ. కొత్తవారు రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురు పూసి, గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ లోపలికి పంపి, ఒక రాత్రి వదిలేయడం మేలు. ఆ తరువాత ముక్క రెండు కొనలనూ ఇత్తడి మెరిసే దాకా మాత్రమే చదును చేయాలి. గొట్టమే అరిగిందంటే చివర్లో మర లోతు తప్పుతుంది.

ఇక లేత్ దగ్గరికి వస్తే, ముక్కలను మాండ్రెల్ అనే సన్నని కడ్డీకి గుచ్చి, పక్కల బుషింగులు అనే ఉక్కు ఉంగరాలు పెట్టి బిగించాలి. ఎక్కువ బిగిస్తే కడ్డీ వంగి, పెన్ను గుండ్రంగా కాక కోలగా వస్తుంది. లేత్ ఆన్ చేసే ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి, కర్ర ఎక్కడా ఉలిని ఆనించే టూల్ రెస్టుకు తగలడం లేదని చూసుకోండి. ఆకురాళ్లను అరగదీసి చేసిన ఉలులు చౌకగా దొరుకుతాయి కానీ అవి పెళుసు, విరిగి ముఖం మీదికి ఎగురుతాయి. టర్నింగు కోసమే చేసిన హైస్పీడ్ స్టీలు ఉలులు రెండు చాలు. ముఖానికి అడ్డు తొడుగు, ముక్కుకు ఎన్95 మాస్కు తప్పనిసరి, జిట్రేగి దుమ్ము కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. చేతి తొడుగులు, కండువా, పొడుగు చేతుల వదులు చొక్కా, లేత్ దగ్గర ఈ మూడూ వద్దు. మెరుగు పెట్టేటప్పుడు గుడ్డకు బదులు టిష్యూ కాగితం వాడండి. గుడ్డ చుట్టుకుంటే వేళ్లను కూడా లాక్కుపోతుంది, కాగితమైతే చిరిగి వదిలేస్తుంది.

మెరుగు గురించి ఒక ముచ్చట. పని మొదలుపెట్టిన ఏడాదికి ఏటికొప్పాక వెళ్లి, అంకుడు కర్ర బొమ్మలు చేసే ఒక పెద్దాయన పక్కన సగం రోజు కూర్చున్నాను. తిరుగుతున్న కర్రకు ఆయన లక్క కడ్డీని ఆనించగానే, రాపిడి వేడికే లక్క కరిగి రంగుగా పరుచుకుంది. తరువాత ఎండిన మొగలి ఆకుతో రెండు సార్లు అదిమేసరికి అద్దంలా మెరిసింది. ఉలి పట్టిన చేతిలో ఎక్కడా బిగువు లేదు. బలవంతంగా తోయకుండా, ఉలిని కర్రే వచ్చి కోసుకునేట్టు పట్టుకోవడం అక్కడే నాకు అర్థమయింది. ఇంటికి వచ్చి లక్క పూసిన పెన్నులు చేశాను, చూపుకు వాటిని మించినవి లేవు. కానీ లక్క స్పిరిటులో కరుగుతుంది. శానిటైజర్ రాసుకున్న చేత్తో నాలుగు రోజులు వాడేసరికి మా అబ్బాయి పెన్ను జిగటగా తయారయింది. అందుకే రోజూ వాడే పెన్నులకు పలుచని సయనోఅక్రిలేట్ (ఫెవిక్విక్ రకం జిగురే) పూతలు ఆరేడు వేస్తాను. ఆ పూతకు నూలు గుడ్డ, దూది తగలనివ్వకండి, అవి తగిలితే వేడెక్కి పొగ వస్తుంది.

చివరిగా భాగాలను అదిమి కూర్చాలి. వస్తువును దవడల మధ్య బిగించే వైసుకు రెండు చెక్క ముక్కలు అడ్డు పెడితే ఆ పనికి విడిగా ప్రెస్సు అక్కర్లేదు. మరను దాని మీదున్న గీత దాకానే దించి, రీఫిల్లు పెట్టి చూసి, అవసరమైతే ఇంకొంచెం దించండి. ఒకేసారి అదిమేయబట్టి, రీఫిల్లు మొన లోపలికి పోకుండా జేబులన్నిటికీ సిరా పూసే పెన్ను ఒకటి నా దగ్గర ఇప్పటికీ ఉంది.

ఇంకు పెన్ను చేయాలని ఉందని కూడా మీరు రాశారు. 1935లో గాంధీజీ అందుకుని మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన రాజమండ్రి రత్నం పెన్నుల కుటుంబంలో ఎబొనైటు (గట్టిపరచిన రబ్బరు) వాడకానికి కారణం ఉంది: అది సిరా తేమకు ఉబ్బదు, దానిలోనే బిగించే మరలు (థ్రెడ్లు) కోయవచ్చు. చెక్కకు ఆ రెండు గుణాలూ లేవు కనుక, లోపల మరో పదార్థపు తొడుగు పెట్టవలసి వస్తుంది. మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

ఖర్చు విషయానికి వస్తే, చిన్న లేత్‌కు రవాణాతో కలిపి నాకు ₹22,000 అయింది. ఉలులు, మాండ్రెల్, బిట్లు, ఉలులకు పదును పెట్టే గ్రైండరు కలిపి మరో ₹9,000 పెట్టాను. ఒక్కో కిట్‌కు ₹200 దాకా అవుతుంది. తగ్గించుకోవాలంటే లేత్ మీద తగ్గించండి, గ్రైండరు మీద కాదు, పదును లేని ఉలితో ఎంత మంచి లేత్ అయినా కర్రను చీలుస్తుంది. కొనే ముందు తెలిసినవారి లేత్ మీద రెండు పెన్నులు చేసి చూసే వీలుంటే ఇంకా మంచిది.

మాదీ అపార్ట్‌మెంటే, మూడో అంతస్తు. లేత్ కింద మందపాటి రబ్బరు పరుపు వేసి బాల్కనీలో పెట్టాను. లేత్ చప్పుడు మిక్సీ కంటే తక్కువే, పక్కవారిని ఇబ్బంది పెట్టేది సన్నని దుమ్ము. ఇసుక కాగితం పట్టే ముందు బాల్కనీకి తడి గోనెపట్టా కడతాను, బట్టలు ఆరేసే పూట లేత్ ముట్టుకోను. కింది ఫ్లాటు పిన్నిగారితో మాకున్న ఒప్పందం అది.