రీకాల్ మెసేజ్ సరే, ఆ ఆగస్టు సర్వీసింగ్ బిల్లు ఎక్కడ?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. 2022 మార్చిలో ఎల్బీనగర్ షోరూంలో రూ.9.60 లక్షలకు కారు కొన్నాను. బిడ్డ పెళ్లికని అప్పు చేసి కొన్న బండి, ఇంకా ఈఎంఐలు కడుతూనే ఉన్నాను. 2024 జూన్‌లో కంపెనీ నుంచి రీకాల్ (లోపమున్న బళ్లను వెనక్కి పిలిచి సరిచేయడం) మెసేజ్ వచ్చింది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) మాడ్యూల్‌లో షార్ట్ సర్క్యూట్ జరిగి మంటలు రావచ్చని, బండి తెస్తే ఉచితంగా సరిచేస్తామని అందులో ఉంది. ఆఫర్ మెసేజ్ అనుకుని వదిలేశాను. ఆగస్టులో నల్లగొండలో మామూలు సర్వీసింగ్ చేయించినప్పుడు వాళ్లూ ఏమీ అనలేదు. అక్టోబర్ 9 తెల్లవారుజామున ఇంటి ముందు ఆపి ఉన్న కారు కాలిపోయింది. పక్కనున్న బైక్, రేకుల షెడ్డు కూడా పోయాయి. నీళ్లు పోయబోయి మా నాన్న చెయ్యి కాల్చుకున్నారు. బయట ఫాగ్ లైట్లు పెట్టించానని 2025 ఫిబ్రవరిలో ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తిరస్కరించారు. కంపెనీకి మెయిళ్లు పెడితే మార్చిలో ‘చింతిస్తున్నాం’ అని జవాబిచ్చారు. ఇప్పుడు షోరూం వాళ్లు ఒక కాగితం మీద సంతకం చేసి కాలిన బండి అప్పగిస్తే కొత్త కారు మీద లక్షన్నర తగ్గిస్తామంటున్నారు. ఫాగ్ లైట్ల వైర్లు పీకేసి, వాటి ఊసెత్తకుండా కేసు వేయమని బావమరిది అంటున్నాడు. రీకాల్ మెసేజ్ ఉంది కదా, కంపెనీ మీద రూ.50 లక్షలకు కేసు వేయొచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో మూడు పేజీలు పెళ్లి గురించి, అప్పు గురించి, చుట్టాల మాటల గురించి ఉన్నాయి. వినియోగదారుల కమిషన్ ముందు వాటితో పని లేదు. మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం మీద: ‘ఆగస్టులో నల్లగొండలో సర్వీసింగ్ చేయించాను.’

కంపెనీ లాయరు మొదట అడిగేది ఇదే. ‘జూన్‌లో హెచ్చరించాం, ఉచితంగా చేస్తామన్నాం, అయినా బండి తేలేదు. తప్పెవరిది?’ మెసేజ్ చదవలేదన్నది దీనికి జవాబు కాదు. కానీ ఆగస్టులో బండి వాళ్ల అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే ఉందని రుజువైతే కథ తిరగబడుతుంది. సర్వీసింగ్‌కు బండి దించగానే ఛాసిస్ నంబర్ కంప్యూటర్‌లో కొడతారు. ఆ నంబర్ మీద రీకాల్ పని పెండింగ్‌లో ఉందో లేదో చూసుకోవడం వాళ్ల పని. చూడకుండా, చెప్పకుండా ఆయిల్ మార్చి పంపించేశారంటే అది సేవాలోపం. అప్పుడు తప్పు మీ ఒక్కరి మెడకు చుట్టుకోదు.

మరి సర్వీసింగ్‌లో ఏ పనులు చేశారో రాసిచ్చే జాబ్ కార్డ్ ఏది? ‘ఎక్కడో పోయింది’ అని రాశారు. తొమ్మిదిన్నర లక్షల బండి కొని దాని కాగితాలు దాచుకోకపోతే ఎలా? సరే, ఇప్పుడైనా వెతకండి. సర్వీసింగ్ డబ్బు ఫోన్‌పేలో కొట్టి ఉంటారు. ఆ నెల బ్యాంక్ స్టేట్‌మెంట్ తీస్తే తేదీ, మొత్తం, ఎవరికి వెళ్లిందీ అన్నీ ఉంటాయి. ‘మీ వాహనం సిద్ధంగా ఉంది’ అన్న మెసేజ్ ఫోన్‌లో ఉందేమో చూడండి. ఛాసిస్ నంబర్ వేసి పూర్తి సర్వీస్ హిస్టరీ ఇవ్వమని సర్వీస్ సెంటర్‌కు, కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో లేఖ రాయండి. ఇవ్వకపోతే ఆ రికార్డు తెప్పించమని కమిషన్‌ను అడగొచ్చు, దానికి ఆ అధికారం ఉంది.

రీకాల్ మెసేజ్ విలువ ఎంతో కూడా తెలుసుకోండి. ఆ మోడల్‌లో, ఆ బ్యాచ్‌లో లోపం ఉందని కంపెనీ ఒప్పుకున్నట్టే. కానీ మీ కారు ఆ లోపం వల్లే కాలిందని అది రుజువు చేయదు. ఎలుకలు వైర్లు కొరికినా కారు కాలుతుంది, బయట వేయించిన వైరింగ్ వల్లా కాలుతుంది. ఫైర్ స్టేషన్ రిపోర్టులో ‘షార్ట్ సర్క్యూట్ అయి ఉండవచ్చు’ అని ఉందన్నారు. దాంతో ఎక్కడ మొదలైందో తేలదు. ఏబీఎస్ మాడ్యూల్ ఉండేది బానెట్ కింద. కీ తీసేసినా దానికి బ్యాటరీ నుంచి కరెంటు అందుతూనే ఉంటుంది, అందుకే ఆపి ఉంచిన బండి కూడా అంటుకోగలదు. మంట అక్కడి నుంచే లేచిందా లేదా అన్నది ఆ కాలిన ఇనుము చూసి నిపుణుడు చెప్పాలి. మీకున్న అసలు సాక్షి ఆ బండే.

ఇప్పుడు అర్థమైందా, షోరూం వాళ్లకు లక్షన్నర ప్రేమ ఎందుకొచ్చిందో? ఆ కాగితంలో ‘నాకు ఇక ఎలాంటి క్లెయిములూ లేవు’ అన్న మాట ఎక్కడో ఉండే ఉంటుంది. సంతకం పెట్టి బండి అప్పగిస్తే అది తుక్కుకు పోతుంది, దాంతో మీ కేసూ పోతుంది. సంతకం చేయకండి. పాత ఇనుము వాళ్లకూ అమ్మకండి. బండి మీద టార్పాలిన్ కప్పి, ఛాసిస్ నంబర్ కనబడేలా, బానెట్ లోపలి భాగం కనబడేలా నాలుగు వైపులా ఫొటోలు, వీడియో తీసి పెట్టుకోండి.

మీ బావమరిది సలహా ఇంకా ప్రమాదం. ఇన్సూరెన్స్ సర్వేయర్ అప్పుడే ఫొటోలు తీసుకున్నాడని మీరే రాశారు. వాటిలో ఫాగ్ లైట్లు ఉంటాయి. ఇప్పుడు వైర్లు పీకితే సాక్ష్యం తారుమారు చేసినవాళ్లవుతారు, క్రిమినల్ కేసు మెడకు చుట్టుకుంటుంది, మీరు చెప్పే నిజాన్నీ ఎవరూ నమ్మరు. ఫాగ్ లైట్ల సంగతి ఫిర్యాదులో మీరే ముందుగా రాయండి. ఎవరు బిగించారు, రిలే పెట్టారా, వైరు ఎక్కడి నుంచి లాగారు అన్నది ఆ షాపు మెకానిక్ చేత అఫిడవిట్ ఇప్పించండి. అమ్మకందారు మాత్రం దీన్ని పట్టుకుంటాడు. ప్రమాద సమయానికి వస్తువులో మార్పులు చేసి ఉంటే విక్రేతపై ఉత్పత్తి బాధ్యత (వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం అడిగే) కేసు నడవదని వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ చెబుతుంది. అందుకే మీ బరువంతా తయారీదారు మీద, సర్వీస్ సెంటర్ మీద పెట్టాలి.

గడువు మాటకొస్తే, మీరు మార్చి జవాబు నుంచి రెండేళ్లు లెక్కేస్తున్నారు. అది తప్పు. అదే చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసుకు దారితీసిన ఘటన, పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. మీకు అది కారు కాలిన రోజు. ఉత్తరాలు, మెయిళ్లు, లాయర్ నోటీసులు గడువును పొడిగించవు. 1988 మార్చిలో పొగాకు గోడౌన్ కాలిపోతే, వ్యాపారులు ఇన్సూరెన్స్ కంపెనీతో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపి 1997లో కేసు వేశారు. గోడౌన్ కాలిన రోజు నుంచే గడువు మొదలైందని 2009లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ, ‘కంపెనీ తిప్పించుకుంది’ అన్న కారణం చాలాసార్లు చెల్లదు. దసరా ముందు కాలింది కాబట్టి దసరాలోపు వేస్తే చాలనీ అనుకోకండి. 2026లో దసరా అక్టోబర్ 20న వచ్చింది, మీ గడువు 9వ తేదీతోనే అయిపోతుంది. ఇన్సూరెన్స్ మీద క్లెయిమ్‌కు తిరస్కరించిన తేదీ నుంచి లెక్క ఉందని వాదించొచ్చు. కానీ అందరినీ కలిపి ఆ అక్టోబర్ గడువులోపే వేసేయండి.

రూ.50 లక్షల మాట పక్కన పెట్టండి. అడిగినదానికి లెక్క చూపించాలి. ఇక్కడే చాలామంది ఫిర్యాదు తప్పుగా రాస్తారు. ఉత్పత్తి బాధ్యత కింద ‘హాని’ అంటే ఆ వస్తువు వల్ల ఇతర ఆస్తికి, మనిషికి జరిగిన నష్టమే. ఆ వస్తువుకే జరిగిన నష్టం అందులోకి రాదు. కాబట్టి బైక్, షెడ్డు, నాన్నగారి వైద్యం ఖర్చు ఆ పద్దు కింద అడగండి. కారు ధరను ‘వస్తువులో లోపం’ కింద వేరుగా అడగండి. ఆసుపత్రి బిల్లు, డిశ్చార్జ్ పేపర్, బైక్ ఆర్సీ, షెడ్డు వేసిన వెల్డింగ్ షాపు బిల్లు జతచేయాలి. కారు ధరను ఇన్సూరెన్స్ నుంచీ తయారీదారు నుంచీ రెండుసార్లు తీసుకోవడం కుదరదు.

కారు హైదరాబాద్‌లో కొన్నా, మీరు ఉండేది ఈ జిల్లాలో కాబట్టి నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన ధర రూ.50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ పరిధే. మీ ధరకు కోర్టు ఫీజు రూ.200. తయారీదారు, షోరూం, సర్వీస్ సెంటర్, ఇన్సూరెన్స్ కంపెనీ నలుగురినీ ప్రతివాదులుగా చేర్చండి. ఫిర్యాదుతో పాటే రెండు దరఖాస్తులు పెట్టండి. కాలిన బండిని నిపుణుడితో పరీక్ష చేయించమని ఒకటి (ఆ ఫీజు ముందు మీరే కట్టాల్సి రావచ్చు), సర్వీస్ రికార్డు తెప్పించమని మరొకటి. ఈలోపు ఈఎంఐలు మాత్రం ఆపకండి. ఫైనాన్స్ వాళ్ల తగాదా కూడా నెత్తికెత్తుకుంటే మీకే టెన్షన్.

బ్యాంకుకు వెళ్లి ఆ ఆగస్టు స్టేట్‌మెంట్ తెచ్చుకున్నాక నా ఆఫీసుకు రండి. సర్వేయర్ రిపోర్టు కాపీ ఇన్సూరెన్స్ వాళ్లను రాతపూర్వకంగా అడిగి, వాళ్లిచ్చిన అక్నాలెడ్జ్‌మెంటు కూడా తెండి.