బడిలో క్రమశిక్షణ చర్య తీసుకుంటే లాయరును పెట్టుకోవాలా?

కావలిలో తొమ్మిదో తరగతి చదివే మీ అబ్బాయి గొడవపడ్డాడని సస్పెండ్ చేసి, టీసీ తీసుకెళ్లమంటున్నారని అడిగారు. మొదటి రోజే లాయరు అక్కర్లేదని నా అభిప్రాయం. నల్లకోటు కనబడగానే ప్రధానోపాధ్యాయులు బిగుసుకుపోతారు, మాట్లాడుకుంటే తేలే విషయం కూడా మొండికేస్తుంది.

ముందు ఆరోపణ ఏమిటో కాగితం మీద ఇమ్మనండి. అబ్బాయి చెప్పేది వినాలని మీరూ రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. టీసీ కోసం మీరే దరఖాస్తు పెట్టినట్టు మాత్రం సంతకం చేయకండి. చాలామంది దెబ్బతినేది అక్కడే. తర్వాత ఏ లాయరు వచ్చినా ఆ సంతకమే అడ్డం. బడి కదలకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి (డీఈవో) ఫిర్యాదు ఇవ్వండి.

2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బహిష్కరణను నిషేధిస్తుంది. మీవాడు ఆ గీత దాటాడు కాబట్టి జాగ్రత్త ఎక్కువ అవసరం.

పోలీసు కేసు పడినా, పరీక్ష రాయనివ్వకపోయినా ఆలస్యం చేయకుండా లాయరును కలవండి. ఫీజు గురించి బెంగ వద్దు: పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. నెల్లూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి, లేదా 15100కు ఫోను చేయండి.