పసుపు రంగు కనిపించకపోతే పెయింట్ నిలుస్తుందా?

ప్రశ్న: విమాన నిర్వహణ కోర్సు చదువుతున్నాను. యుద్ధ విమానానికి ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కొట్టే ముందు అల్యూమినియం మీద అలొడైన్ అనే క్రోమేట్ ద్రావణం పట్టించాలని మా పాఠంలో ఉంది. ఇప్పుడు క్రోమేట్ లేనివి వచ్చాయంటున్నారు. ఇన్నేళ్లు బాగా పనిచేసినదాన్ని ఎందుకు మార్చడం? కొత్తవి అంత బలంగా ఉంటాయా?
– ఒక విద్యార్థి

జవాబు: మార్చేది ఆ పని చేసే మనుషుల కోసం. పాత అలొడైన్‌లోని క్రోమేట్‌లో ఉండే హెక్సావలెంట్ క్రోమియం ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని ఎప్పుడో రుజువైంది. ముక్కు లోపలి గోడకు చిల్లు పడటం, చర్మం మీద త్వరగా మానని పుళ్లు రావడం కూడా దానివల్లే. అమెరికా రక్షణ శాఖ 2009లో దీని వాడకం తగ్గించమని ఆదేశించింది, 2011లో అయితే పైఅధికారుల అనుమతి లేకుండా కాంట్రాక్టుల్లో వాడకూడదని నిబంధనే పెట్టేసింది.

ఇక బలం సంగతి. క్రోమేట్ ఒకే పొరలో రెండు పనులు చేసేది, చాలామంది దీన్ని ఒకే పని అనుకోవడంతోనే గందరగోళమంతా. ఒకటి, ప్రైమర్ గట్టిగా పట్టుకునేలా చేయడం. రెండోది తుప్పును ఆపడం. విమానాల్లో వాడే, '2024' అనే నంబరుతో పిలిచే అల్యూమినియం రకంలో బలం కోసం రాగి కలుపుతారు, ఆ రాగి ఎక్కువగా ఉన్న రేణువుల దగ్గర తేమ చేరితే అక్కడొక చిన్న బ్యాటరీ లాంటిది తయారై పక్కనున్న అల్యూమినియాన్ని తినేస్తుంది. క్రోమేట్ ఉంటే, పెయింట్ మీద గీత పడినా, అది ఆ తేమలో కొద్దికొద్దిగా కరిగి గీత దగ్గరికి చేరి, అక్కడ గట్టి ఆక్సైడ్ పొరగా మారి కప్పేస్తుంది. గాయం దానంతటదే మానినట్టు.

కొత్తవన్నీ ఒకటి కాదు. అమెరికా నావికాదళం తయారుచేసిన ట్రైవాలెంట్ పద్ధతిలో జిర్కోనియం, ట్రైవాలెంట్ క్రోమియం (ఇది క్రోమియమే కానీ హెక్సావలెంట్ రూపం కాదు) ఉంటాయి, అది పెయింట్ అతుక్కునేలా చేస్తుంది, తుప్పును కూడా కొంతవరకు ఆపుతుంది. బోయింగ్ సంస్థ నుంచి వచ్చిన సోల్-జెల్ పూత, అమెరికా వైమానిక దళం వాడే ప్రీకోట్ అనే ద్రావణం మాత్రం ముఖ్యంగా పెయింట్ అతుక్కోవడం కోసమే. తుప్పును ఆపే భారం మొత్తం పైనున్న ప్రైమర్ మీద పడుతుంది. కింద క్రోమేట్ లేని తయారీ చేసి, పైన మళ్లీ స్ట్రాన్షియం క్రోమేట్ ఉన్న ప్రైమర్ కొట్టడం అందుకే చూస్తాం. అలాంటి విమానాన్ని 'క్రోమేట్ లేనిది' అనడం నాకు సరైన మాటగా అనిపించదు. ఏ పొర గురించి మాట్లాడుతున్నారో ముందు అడగండి.

ప్రశ్న: అలొడైన్ పట్టిస్తే బంగారు పసుపు రంగు వచ్చేది, ఎక్కడ పట్టలేదో కంటికే తెలిసేది. ఈ కొత్త ద్రావణాలకు రంగే ఉండదు. సరిగ్గా పట్టిందని ఎలా నమ్మాలి? రెండుసార్లు ప్రైమర్ పొరలుగా ఊడింది, చాలా టెన్షన్‌గా ఉంది.
– హ్యాంగర్‌లో పెయింటర్

జవాబు: మీ టెన్షన్ న్యాయమైనదే. రంగు పోవడంతో తనిఖీ చేసేవాళ్లకి ఉన్న పెద్ద ఆసరా పోయింది. ఇప్పుడు నమ్మాల్సింది నీటిని. కడిగిన తర్వాత శుభ్రమైన నీళ్లు పారించి ముప్పై సెకన్లు చూడండి. నీళ్లు పలచటి పొరలా పగలకుండా నిలిస్తే మంచిది, బొట్లుగా విడిపోయినా, ఎక్కడైనా వెనక్కి లాక్కున్నా అక్కడ నూనో సిలికానో ఉన్నట్టే, మళ్లీ రుద్దాలి. ఇందులో ఒక మోసం ఉంది, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: సబ్బు సరిగ్గా కడగకపోతే, ఆ మిగిలిన సబ్బే నీటిని చక్కగా పరిచేస్తుంది, పరీక్ష పాసైనట్టు కనిపిస్తుంది, ప్రైమర్ మాత్రం సబ్బు మీద కూర్చుంటుంది. కాబట్టి కడగడం పూర్తయిందని పక్కా అయ్యాకే పరీక్ష చేయండి. ప్రైమర్ పొరలుగా ఊడిందన్నారు కదా, నేనైతే మొదట చూసేది ఇదే.

తర్వాత రివెట్ల చుట్టూ, రేకులు ఒకదాని మీద ఒకటి వచ్చే అతుకుల దగ్గర చూడండి. వెడల్పు రేకు మీద చెయ్యి హాయిగా ఆడుతుంది, అంచుల దగ్గర అలసిపోతుంది. పైగా అతుకుల్లో దాగిన కడుగు నీరు ఎండినట్టు కనిపించి, ప్రైమర్ కొట్టే సమయానికి మెల్లగా బయటికి కారుతుంది. ఇనుప పీచుతో ఎప్పుడూ రుద్దకండి, దాని ముక్కలు అల్యూమినియంలో గుచ్చుకుని అక్కడే తుప్పు మొదలవుతుంది, నైలాన్ ప్యాడ్లే వాడండి. ఆరిన రేకును వట్టి చేత్తో తాకకండి. తయారీదారు చెప్పిన గంటల్లోపు ప్రైమర్ పడకపోతే 'పర్లేదులే' అనుకోకుండా మళ్లీ మొదటి నుంచి చేయండి. చిన్న పొరపాటు చేసినా క్రోమేట్ కొంత కాచుకునేది, వీటికి ఆ ఓర్పు లేదు. పని ఆలస్యమవుతోందని మీ మీద ఒత్తిడి పెడితే ఈ మాటే చెప్పండి.

ప్రశ్న: మా ఆయన విమానాల పాత పెయింట్ గీకి కొత్తది వేసే పనిలో ఉన్నారు. 'ఇప్పుడంతా క్రోమేట్ లేనిదేనట, మాస్క్ అక్కర్లేదు' అంటున్నారు. నిజమేనా అండీ?
– ఒక గృహిణి

జవాబు: కాదమ్మా, దయచేసి ఈ జవాబు ఆయనకి చదివి వినిపించండి. కొత్తగా వేసేది క్రోమేట్ లేనిదే కావచ్చు. ఆయన గీకుతున్నది మాత్రం ఏళ్ల కిందటి ప్రైమర్, దాంట్లో క్రోమేట్ ఉండే అవకాశం చాలా ఎక్కువ, గీకినప్పుడు అది సన్నటి దుమ్మై గాల్లో తేలుతుంది. రంగు చూసి తేల్చలేం, పసుపు ప్రైమర్‌లో క్రోమేట్ లేకపోవచ్చు, మరో రంగులో ఉండొచ్చు. పాత పెయింట్ ముక్కకి పరీక్ష చేయించాలి, అంతవరకు ఉందనే అనుకోవాలి.

అమెరికాలో 2006లో ఎనిమిది గంటల పనికి ఒక ఘనమీటరు గాలిలో హెక్సావలెంట్ క్రోమియం 5 మైక్రోగ్రాములు మించకూడదని పరిమితి పెట్టారు. అంతకుముందు అది 52. ఎంత కొంచెమైతే ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది. నెదర్లాండ్స్‌లో 1984 నుంచి 2006 వరకు నాటో సామగ్రి నిల్వ కేంద్రాల్లో సైనిక వాహనాల పెయింట్ గీకినవాళ్లలో చాలామంది జబ్బుపడ్డారు, 2018లో నివేదిక వచ్చాక అక్కడి రక్షణ శాఖ బాధ్యత ఒప్పుకుని పరిహారం ఇచ్చింది. అవి విమానాలు కావు, వాహనాలు, కానీ దుమ్ము అదే.

మాస్క్ అంటే గుడ్డ మాస్క్ కాదు, ముఖానికి సరిగ్గా బిగిసే ఫిల్టర్ మాస్క్ కావాలి. దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదకూడదు, పొడిగా ఊడ్చకూడదు, మంచి ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్‌తో లాగాలి. ఇంకో విషయం, పైన కొట్టే పాలీయురేథేన్ రంగులో క్రోమేట్ లేకపోయినా ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఉబ్బసం తెస్తాయి, స్ప్రే చేసేటప్పుడు బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్క్ వాడాలి. పని బట్టలు అక్కడే మార్చుకుని, చేతులూ ముఖమూ కడుక్కుని రమ్మనండి. ఆ బట్టలు ఇంటికి తెస్తే పిల్లల బట్టలతో కలిపి ఉతక్కండి, అసలు ఇంటికి తేకుండా అక్కడే ఉతికించే ఏర్పాటు చేయమని యాజమాన్యాన్ని అడగమనండి.